మెట్ల మీద మాటకారి

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

అత్తగారు ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి గుమ్మంలో నిలబడ్డ డెలివరీ అతనితో అంది. రెండోసారి అతను బండెక్కి వెళ్ళిపోతుంటే అతని వీపుతో అంది. మూడోసారి వంటింటి గడపలో నిలబడి కోడలితో అంది.

వారం రోజులుగా ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఒకరు గోడకి చెప్పేవారు, రెండోవారు గోడ తరఫున వినేవారు. అలాంటిది ఇవాళ అత్తగారు గోడని పక్కనపెట్టి నేరుగా కోడల్నే నిలదీసిందంటే వ్యవహారం ముదిరిందన్నమాట.

"ఏమైందండీ?" అంది కోడలు తడిచేతులు విదిల్చుకుంటూ. పంతం సంగతి ఆమె కూడా మరిచిపోయింది.

"ఏమైందా? అది నువ్వు చెప్పాలి. ఊరంతా టముకేసింది నువ్వేగా!"

"నేనేం టముకేశాను?"

"బండికి గొడుగు కట్టుకుని తిరుగుతున్నాడు చూడు, ఇప్పుడొచ్చాడే, వాడు నా చేతిలో పెట్టె పెట్టి దండం పెట్టాడు. 'పెద్దమ్మా, మీలాంటి అత్తగారు ఇంటికొకరుంటే చాలు' అన్నాడు. సరే, పాపం మర్యాదస్తుడు అనుకున్నాను. 'కోడల్ని ఉద్యోగానికి పంపడానికి ఒప్పుకున్నారట కదా, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పంపుతున్నారట కదా, మేమంతా చప్పట్లు కొట్టాం' అన్నాడు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నానా? ఎప్పుడు పెట్టుకున్నాను?"

"ఉల్లిపాయలు తరిగినప్పుడు తప్ప నేను చూడలేదు."

"అదిగో, ఆ నోరే! ఆ నోరే ఊరంతా తిరిగొచ్చింది."

"అత్తయ్యా, మీరు ఒప్పుకున్నారని నేనెందుకు చెప్పుకుంటాను? ఒప్పుకోలేదని కదా నా ఏడుపు!"

ఇది నిజమే. అత్తగారు కూడా ఒక్క క్షణం ఆగి, నిజమేనని మనసులో ఒప్పుకుంది. పైకి ఒప్పుకోలేదు, ఆవిడకి ఆ అలవాటు లేదు.

ఆ ఉద్యోగమే కదా ఈ గొడవకంతటికీ మూలం. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్ మానేశాడు. కోడలి చేతిపని తెలిసిన యజమానురాలు తనంతట తానే ఇంటికొచ్చి, ఆ పని నువ్వు చేస్తావా అని అడిగి వెళ్ళింది. పదిరోజులు గడువిచ్చింది. ఆ గడువు ఇవాళ సాయంత్రంతో సరి. ఇంట్లో కూర్చుని పాత ప్యాంట్లకి జిప్పులు మార్చడం, పొడుగైన గౌన్లు పొట్టివి చెయ్యడం, ఇదే పనిగా ఏళ్ళు గడిపిన కోడలికి, తాన్లకు తాన్లు పరిచి కోసే బల్ల ముందు నిలబడాలని ఎంత ఆశో చెప్పలేను. అత్తగారు వద్దంది. కోడలు వెళ్తానంది. ఇక మిగిలింది మూడో మనిషి, కోడలి మొగుడు. ఆ మహానుభావుడి అభిప్రాయం ఏమిటో ఇల్లంతా గాలించినా దొరకలేదు.

"ఆ గొడుగతను ఇంకేమన్నాడు?" అంది కోడలు.

"ఏదో అన్నాడు. 'మా సీరియలన్న చెబుతుంటే మీరు మా కళ్ళకి కట్టారు' అన్నాడు. సీరియలన్న ఎవడో నాకేం తెలుసు? రోజూ భోజనాల వేళ హోటళ్ళ వీధిలో, మూసేసిన ఫర్నిచర్ షాపు మెట్ల మీద చెబుతాడట."

కోడలు కుర్చీలో కూలబడింది.

"అత్తయ్యా. డెలివరీ చేసేవాళ్ళకి మన ఇంటి సంగతులు తెలియాలంటే, డెలివరీ చేసేవాళ్ళు మనింట్లో ఎవరున్నారు?"

అత్తగారు ఆలోచించింది. ఆలోచించి పకపకా నవ్వేసింది.

"వాడా? నీ మొహం! వాడికి నాలుకుందని పళ్ళ డాక్టరుక్కూడా నమ్మకం లేదు."

అదీ నిజమే. ఆ ఇంటి కొడుకు ఇంట్లో వాడే మాటలు మొత్తం నాలుగు. ఊఁ, సరే, చూద్దాం, ఉప్పుందా. పెళ్ళైన కొత్తలో కోడలు ఇదంతా సిగ్గనుకుంది. తర్వాత అలసట అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది. మొన్నటికి మొన్న, "నేను ఉద్యోగానికి వెళ్ళాలా వద్దా, ఒక్క మాట చెప్పండి" అని బతిమాలితే, ఆ మనిషి చాలాసేపు ఆమె వైపు చూసి, "చూద్దాం" అన్నాడు. రాస్తున్న నాకే ఒళ్ళు మండింది, ఇక ఆమె సంగతి చెప్పాలా!

"పదండి," అంది కోడలు లేచి.

"ఎక్కడికి?"

"మీరు కళ్ళనీళ్ళు ఎలా పెట్టుకున్నారో చూసొద్దాం."

* * *

దారిపొడుగునా ఇద్దరూ పోట్లాడుకుంటూనే నడిచారు. తాళం ఎవరు వేశారన్న దగ్గర మొదలైంది. వేసిన తాళం లాగి చూశావా లేదా అన్న దగ్గర ముదిరింది. వారం రోజుల బాకీ కదా, ఇద్దరికీ హాయిగా ఉంది.

హోటళ్ళ వీధి మొదట్లో అట్టపెట్టెలు దింపుతున్న వ్యాను ఒకటి ఆగి ఉంది. దాని చాటున నిలబడి చూశారు.

ఫర్నిచర్ షాపు షట్టరు మూసి ఎన్నాళ్ళయిందో, దానికి తుప్పు పట్టింది. మెట్లు మాత్రం అరుగులా విశాలంగా, నీడగా ఉన్నాయి. బండ్లన్నీ ముందు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకతను బండి సీటు మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు హ్యాండిలుకి తగిలించి గుర్రుపెడుతున్నాడు. ఒకతను చెప్పులు విప్పి, తెగిన పట్టీకి సూదీ దారంతో కుట్లు వేసుకుంటున్నాడు. గొడుగతను అప్పుడే తిరిగొచ్చి గొడుగు కిందే కూర్చున్నాడు. పై మెట్టు మీద ఫోన్లన్నీ వెల్లకిలా వరసగా పరిచి ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు.

దానికో కారణం ఉంది. ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య పొద్దు గడపడం డెలివరీ చేసేవాళ్ళకి పెద్ద సమస్య. ఫోనులో సినిమా చూద్దామంటే చార్జింగ్ అయిపోతుంది. చార్జింగ్ పోతే ఆర్డరు పోతుంది. సీసా మూతలతో ఆట ఆడితే కొట్లాటలొచ్చాయి. నిద్రపోదామంటే ఉన్న సీట్లన్నీ మెత్తనివి కావు. చివరికి, తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన, ఆయన్ని అందరూ బాబాయి అంటారు, ఒక ఉపాయం చెప్పాడు. మాటకి చార్జింగ్ అక్కర్లేదు కనక కథలు చెప్పుకుందాం అన్నాడు. కానీ ఎవరింటి కథ వాళ్ళే చెప్పాలి. ఫోను మోగినవాడు కథ ఎంత పసందైన చోట ఉన్నా లేచి పోవాలి. తిరిగొచ్చాక, పోయిన ముక్క ఎవరో ఒకరు అతనికి చెప్పాలి. అలా చెప్పడంలో కథ కొంత పెరుగుతుంది, కొంత వంకర పోతుంది, దానికి ఎవరూ పూచీ కాదు. అందుకే అక్కడ ఏ కథా ఎవరికీ మొత్తం తెలియదు. చెప్పు కుట్టుకుంటున్నతనైతే, కథ మొదలు వినకపోవడం వల్ల, అత్తగారిని కోడలి కన్నతల్లి అనుకుంటున్నాడు.

పై మెట్టు మీద, అందరికీ ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, కళ్ళు తిప్పుతూ కథ చెబుతున్న మనిషిని కోడలు గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. చొక్కా చూసి గుర్తుపట్టింది. పొద్దున్న తనే ఇస్త్రీ చేసింది.

"నిన్న సగంలో పోయాను, ముగింపు మళ్ళీ చెప్పన్నా," అంటున్నాడు చెప్పు కుట్టేవాడు.

"చెబుతా, చెబుతా. అప్పుడు మా అమ్మ ఏం చేసిందనుకున్నారు?" అని మెట్ల మీది మొగుడు నడుం మీద చేతులు పెట్టి, గడ్డం పైకెత్తి, ఒక కనుబొమ్మ ఎగరేశాడు. "'ఇంటి కోడలు కార్ఖానాకి పోతే నలుగురూ ఏమనుకుంటారురా?' అంది. నేను ఊరుకుంటానా? 'అమ్మా, ఆ నలుగురి అడ్రసులూ చెప్పు. బండేసుకుని పోయి ఏమనుకుంటున్నారో పది నిమిషాల్లో కనుక్కొస్తాను' అన్నాను!"

మెట్లన్నీ గొల్లుమన్నాయి. పడుకున్నవాడు నిద్రలోనే నవ్వాడు.

"వాడు నాతో అలా అన్నాడా?" అంది అత్తగారు వ్యాను వెనక.

"అంటే నాకు వినపడదుటండీ?"

"నేను అలా నడుం మీద చేతులు పెడతానా?"

కోడలు ఆవిడ నడుం వైపు చూసింది. అత్తగారు నడుం మీది చేతులు చటుక్కున దించేసింది.

అక్కడ కథ సాగుతోంది. మొగుడి గొంతు తగ్గింది. "అప్పుడన్నాను. 'అమ్మా, తన చేతిలో కత్తెర చూశావు గానీ, గుడ్డ కోసేటప్పుడు తన ముఖం ఎప్పుడైనా చూశావా? చాక్‌పీసుతో గీత గీసి, ఊపిరి బిగబట్టి, కింది పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టి కోస్తుంది. ఆ కాసేపూ కుక్కర్ కూసినా తనకి వినపడదు. నేను ఊరంతా తిరిగి తిండి మోస్తాను, నాకు ఏ పనిలోనూ అంత ఇష్టం కలగలేదు. తనకి అలాంటి పని వెతుక్కుంటూ ఇంటికొస్తే మనం తలుపేస్తామా?' అన్నాను."

ఎవరూ నవ్వలేదు. బాబాయి తల ఊపాడు.

 కలిగింది సంతోషమో దుఃఖమో కోడలికి తెలియలేదు. కోపం మాత్రం బాగా తెలిసింది. ఈ మాట కోసం తను ఇంట్లో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంటే, ఈయన తెచ్చి ఇక్కడ ఊరందరికీ పంచిపెడుతున్నాడా? మోసేది తిండే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇంట్లో పెట్టాల్సిన మాటలు కూడా మోసుకొచ్చి ఇక్కడ దింపేస్తున్నాడన్నమాట!

"అంతే! మా అమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంది," అన్నాడు మొగుడు. "'వెళ్ళు తల్లీ, ఇకనుంచి వంట నేను చేస్తాను' అంది."

"చచ్చినా చెయ్యను!"

వ్యాను వెనకనుంచి వచ్చిన ఆ కేకకి పడుకున్నవాడు సీటు మీదినుంచి కింద పడ్డాడు.

* * *

అత్తగారు ముందూ, కోడలు వెనకా నడిచి వచ్చి మెట్ల ముందు నిలబడ్డారు. సీరియలన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది, అందులోంచి మాట మాత్రం రాలేదు. ఇంటి మనుషులు కనపడగానే ఇంటి మనిషైపోయాడు.

గొడుగతను అత్తగారినీ, సీరియలన్ననీ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడర్థమైంది. ఎక్కువేం కలపలేదు, అచ్చం ఇలాగే చెప్పావన్నా."

"నువ్వాగు," అంది అత్తగారు. "ఒరేయ్! వంట చేస్తానన్నానా నేను? ఈ మోకాళ్ళతోనా? చెప్పరా!"

కొడుకు "ఊఁ..." అన్నాడు.

"చూశారుగా! ఇదీ మా ఇంటి కథ. రోజూ వాడు చెప్పేది ఇంతే. మిగతాదంతా మీకు పెట్టాడు."

"అమ్మా, కూర్చోండి," అన్నాడు బాబాయి లేచి చోటిస్తూ. "తప్పైతే క్షమించండి. ఎవరింటి కథ వాళ్ళే చెప్పుకోవాలని ఇక్కడ రూలు, అంతకుమించి మాకేం తెలీదు."

"అలాగా? అయితే నాదీ ఆ ఇల్లే. జరగండి."

అత్తగారు చకచకా మెట్లెక్కి పైన నిలబడింది. మొదలుపెట్టింది. అబ్బో, ఏం చెప్పింది! కొడుక్కి ఆ విద్య ఎక్కడినుంచి వచ్చిందో అక్కడున్నవాళ్ళందరికీ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. కోడలు నడిచినట్టు నడిచింది, తలుపేసినట్టు వేసింది, గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది. కోడలికే నవ్వొచ్చి ముఖం తిప్పుకుంది. మెట్టు మీద ఒక ఫోను మోగింది. ఎవరూ లేవలేదు. ఇంకోటి మోగింది. "నీదే," అన్నాడు బాబాయి. "మోగనీ బాబాయి, ఇలాంటిది మళ్ళీ దొరకదు," అన్నాడు గొడుగతను. ఆ మెట్ల చరిత్రలో రూలు తప్పడం అదే మొదలు.

"మరి ఎందుకు వద్దంటున్నారు పెద్దమ్మా?" అన్నాడు చెప్పు కుట్టేవాడు. "కన్నకూతురే కదా!"

"కూతురేంట్రా, కోడలు! నలుగురికోసం వద్దన్నానా నేను? ఆ నలుగురూ మా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళైందో!" అని అత్తగారు ఆగింది. ఆవిడ గొంతు మారింది. "ఇది పొద్దున్నే పోతే పగలంతా ఇంట్లో ఎవరుంటారు? నేనూ, ఫ్రిజ్జూ. వీడా, ఇలాంటివాడు. నాకు ఎదురు చెప్పే మనిషి ఆ ఇంట్లో ఇదొక్కత్తే. దీంతో పోట్లాడకపోతే నాకు పొద్దు గడవదు. వారం రోజులు మాటల్లేకపోతే పిచ్చెక్కింది నాకు. అదీ సంగతి. చాలా?"

కోడలు నోరు తెరిచి చూస్తోంది. "అత్తయ్యా, ఆ మాట నాతో అనొచ్చు కదా!"

"ఎలా అంటాను? నీతో మాటల్లేవుగా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు ముందు చూపు తిప్పుకుంది. "సాయంత్రం టీ వేళకల్లా వచ్చి పోట్లాడతానంటే వెళ్ళు. నాకేం అభ్యంతరం లేదు."

మెట్లు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. కోడలికి కళ్ళు చెమర్చాయి. సాయంత్రానికింకా టైముంది, ఇప్పుడే కార్ఖానాకి వెళ్ళి, పనిలోకి వస్తానని చెప్పేస్తే సరి అనుకుంది.

"అమ్మా," అన్నాడు మొగుడు.

అందరూ అటు తిరిగారు.

"ఆ ఉద్యోగం... లేదు."

"లేకపోవడమేమిటి?" అంది కోడలు.

అతను మెట్ల వైపు చూస్తూ చెప్పాడు. ఆమె వైపు చూస్తే మాట రాదని అతనికి తెలుసు. మొన్న తిండి ఆర్డర్ల మధ్య ఒక పార్సిలు తగిలితే, కార్ఖానాకి జిప్పుల పెట్టె ఇవ్వడానికి వెళ్ళాడు. యజమానురాలే బయటికొచ్చింది. "మీ ఆవిడ వస్తుందా, రాదా? ఏదో ఒకటి చెప్పవయ్యా" అని అడిగింది. చెప్పాల్సిందంతా అతనికి తెలుసు. కత్తెర గురించీ, పెదవి గురించీ, అంతా నోటిదాకా వచ్చింది.

"వచ్చి?"

"రాలేదు."

"ఊఁ అయినా అన్నారా?"

"ఊఁ కూడా రాలేదు. సంతకం పెట్టమని ఫోను ముందుకి పెట్టాను. ఆవిడ నా ముఖం చూసి, 'అర్థమైందిలే, ఇంట్లో ఒప్పుకోలేదన్నమాట. ఇంకొకరిని చూసుకుంటాను' అని గేటేసేసింది. అక్కడినుంచి సరాసరి ఇక్కడికొచ్చి కూర్చున్నాను. వీళ్ళు కథ చెప్పమన్నారు. అలా జరక్కుండా... ఇలా జరిగుంటే బావుండుననిపించింది. చెప్పేశాను."

కోడలు ఒక్క మాట కూడా అనలేదు. ఆ నిశ్శబ్దానికి అత్తగారికే భయమేసింది.

"తిట్టవే," అంది మెల్లిగా. "తిట్టు, ఫర్వాలేదు. నా కొడుకని చూడకు."

కోడలికి కోపమొస్తే మీరు కాస్తా నువ్వు అవుతుంది. "బండి తియ్యి," అంది మొగుడితో. "నువ్వే పోగొట్టావు. నువ్వే అడుగు. నేను నోరు విప్పను. అత్తయ్య కూడా విప్పరు. విప్పితే నా మీద ఒట్టు."

"నేనెందుకు విప్పకూడదు?" అంది అత్తగారు.

"అత్తయ్యా!"

"సరేలే."

* * *

కార్ఖానాకి ఆ ఊరేగింపు ఎలా వెళ్ళిందో చూసినవాళ్ళు వారం రోజులు తలుచుకుని నవ్వుకున్నారు. వెనక సీటు నిండా తిండి సంచీ ఉండడం వల్ల కోడలు దాన్ని వీపుకి తగిలించుకుని కూర్చుంది. అత్తగారు గొడుగతని బండి మీద, గొడుగు కింద. వెనకాల బాబాయి, నిద్రమొహంతో ఇంకొకతను, ఒక కాలికి చెప్పుతో ఇంకొకతను. ముగింపు చూడకుండా ఆర్డరు తీసుకునేది లేదన్నారు అందరూ.

యజమానురాలు గేటు సగం తెరిచి బయటికొచ్చింది. మెళ్ళో టేపు, చెవి మీద పెన్సిలు, ముఖంలో చిరాకు.

"ఏంటి ఇంతమంది? నేనేం ఆర్డరివ్వలేదే!"

మొగుడు గేటు ముందు నిలబడ్డాడు. వెనక ఆడవాళ్ళిద్దరూ పెదవులు బిగించుకుని నిలబడ్డారు. లోపల మిషన్ల చప్పుడు వినపడుతోంది.

"చెప్పవయ్యా, నాకు పనుంది."

అతని పెదవులు కదిలాయి. శబ్దం లేదు. అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. యజమానురాలు గేటు మూయబోయింది.

అప్పుడు వెనకనుంచి బాబాయి, మెట్ల మీద రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు. "ఆ తర్వాత ఏమైందబ్బాయ్?"

అంతే. ఆ మనిషి గిరుక్కున వెనక్కి తిరిగాడు. యజమానురాలికి వీపు పెట్టి, బండ్లవాళ్ళకి ఎదురుగా నిలబడి, చేతులు గాల్లోకి లేపాడు.

"ఆ తర్వాత ఏమైందంటే! అతను కార్ఖానాకి వెళ్ళి, 'అమ్మా, తప్పు నాది, మా ఆవిడది కాదు' అన్నాడు. 'తను వద్దనలేదు. నేను మాట్లాడలేకపోయాను' అన్నాడు!"

"బావుంది," అన్నాడు గొడుగతను.

యజమానురాలు మూయబోయిన గేటు వదిలేసింది. "నాతోనేనా చెప్పేది?" అని కోడల్ని అడిగింది. కోడలు తల ఊపింది.

"'ఇంకా ఎవరూ దొరక్కపోతే తనకే ఇవ్వండి' అన్నాడు."

"దొరికినవాళ్ళిద్దరూ రెండు తాన్లు పాడుచేసి పోయారు," అంది యజమానురాలు అతని వీపుతో.

దాంతో అతనికి ఊపొచ్చింది. వింటున్నవాళ్ళ కళ్ళు మెరిసేకొద్దీ కథ పెంచడం అతనికి అలవాటు. ఆ అలవాటు ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పలేదు. "'మా ఆవిడ ఒక్కత్తే ఇద్దరి పని చేస్తుంది' అన్నాడు! 'పొద్దున్నే అందరికంటే ముందొస్తుంది, అందరూ వెళ్ళాక వెళ్తుంది. ఆదివారాలు కూడా వస్తుంది. బడులు తెరిచే రోజుల్లోనైతే ఇంటికే రాదు, ఇక్కడే ఉంటుంది. భోజనం మా అమ్మే వండి పంపుతుంది' అన్నాడు!"

"ఒరేయ్..." అంది అత్తగారు, ఒట్టు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బండ్లవాళ్ళు ఈలలేశారు. యజమానురాలి ముఖం చాటంత అయింది. "ఇంత చక్కగా మాట్లాడేవాడివి, మొన్న ఏమైందయ్యా నీకు? సరే, ఆ షరతులన్నీ నాకిష్టమే. లోపలికి రామ్మా, బల్ల ఖాళీగానే ఉంది."

కోడలు కదల్లేదు. తెరిచిన గేటులోంచి ఆ బల్ల కనపడుతోంది. పొడుగాటి బల్ల, దాని మీద ఇంకా విప్పని నీలం తాను. దాన్ని చూస్తుంటే వేళ్ళు జివ్వుమన్నాయి. ఒక్క అడుగు వేస్తే చాలు. ఇంతకాలం ఈయన నోరు తెరవాలని కోరుకుంది, తెరిచాడు. తెరిచి తనని తెల్లారినప్పటినుంచి పొద్దుపోయేదాకా, ఆదివారాలతో సహా, రాసిచ్చేశాడు. తనని ఒక్క మాట అడగలేదు.

వీపు మీది సంచీ తీసి మొగుడి చేతుల్లో పెట్టింది.

"ఆదివారం రానండి," అంది యజమానురాలితో.

"అదేంటి? మీ ఆయన ఇప్పుడే..."

"ఆయనకి కత్తెర పట్టుకోవడం కూడా రాదు. పనిచేసేది నేను. ఆదివారం రాను. టీ వేళకల్లా ఇంట్లో ఉండాలి, మా అత్తయ్యతో నాకు పనుంది. ఇద్దరి పని చెయ్యను, నా పని చేస్తాను. ఒక్క ముక్క గుడ్డ వృథా పోనివ్వను, ఆ మాట మాత్రం ఇస్తాను." ఆమె యజమానురాలి కళ్ళలోకి చూసింది. "ఇప్పుడు చెప్పండి. మీకు నేను కావాలా, ఆయన చెప్పిన కథలో మనిషి కావాలా?"

యజమానురాలి నవ్వు పోయింది. ఆవిడ కోడల్ని చూసింది, లోపలి బల్లని చూసింది, వెనక గుంపుగా నిలబడ్డ బండ్లవాళ్ళని చూసింది. ఎవరి ఫోనో మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి నెమ్మదిగా గేటు గడియ మీదికి వెళ్ళింది, పూర్తిగా తియ్యడానికో, వేసేయడానికో ఇంకా తేలలేదు.

"అది కాదండీ..." అని మొదలుపెట్టాడు మొగుడు.

"మీరు నోరు మూసుకోండి," అంది కోడలు, ఆ గడియ మీదినుంచి చూపు తిప్పకుండా.